లేపే వంతు

కొవ్వూరు,
ఆగస్టు 1979

ప్రియమైన అమ్మకి,

నువ్వు ఆత్రేయపురం నుంచి పంపిన పూతరేకులు అందాయి. ఇక పంపకు. కోపం నీ మీద కాదు, నా తెలివి మీద.

మంచి పని చేసిన పిల్లలకి శనివారం పూతరేకు ఇస్తానని మూడో తరగతిలో చెప్పానని రాశాను కదా. మొదట్లో ఎంత ముచ్చటగా ఉండేదో! తర్వాత పలకలు పోవడం మొదలైంది. దాచినవాడే వెతికి తెచ్చి, "దొరికిందండీ టీచరుగారూ" అని చెయ్యి చాపేవాడు. నవ్వుకున్నాను. నవ్వాల్సింది కాదు.

చిట్టెమ్మ అని ఒక పిల్ల. పోలియో వచ్చి కాలు సన్నబడింది. బోరింగు దగ్గర తరచూ పడుతుంటే, పరుగెత్తి లేపినవాళ్ళని మెచ్చుకుని పూతరేకులు పెట్టాను. మొన్న కిటికీలోంచి చూద్దును కదా, పెద్దిరాజు ఆ పిల్లని మెల్లగా తోసి, "ఇయ్యాళ నేనే లేపుతాను, ఎవరూ రాకండ్రా" అంటున్నాడు. మర్నాటి నుంచి చిట్టెమ్మ బడికి రావడం లేదు.

"బెత్తముండగా మిఠాయిలెందుకమ్మా?" అంటున్నారు హెడ్మాస్టరు గున్నేశ్వరరావుగారు. బెత్తం ముట్టనని పంతం పట్టినదాన్ని. ఆయన మాటే నిజమా? వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయినట్టు, దయ నేర్పబోయి తొయ్యడం నేర్పానా? నాకేమీ పాలుపోవడం లేదు. ఆ పిల్ల చదువు నా వల్ల ఆగిపోతే ఎలా అమ్మా?

నీ
తులసి

కొవ్వూరు,
సెప్టెంబరు 1979

అమ్మా,

"ఆ పిల్లని అడక్కుండా నన్నడుగుతావేమే" అని నువ్వు చీవాట్లు పెట్టాక చిట్టెమ్మ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ చాప వేసి, "బడికెందుకెళ్ళవే అని ఎంతడిగినా చెప్పదండి, ఒకటే మంకుపట్టండి" అంది. పూతరేకులు మానేశాను, ఇక నిన్నెవరూ తొయ్యరు అని పిల్లకి చెప్పాను.

దాని మొహం ఇంకా ముడుచుకుపోయింది.

"మానేశారాండీ? మరి నాకండీ?"

"నీకేంటమ్మా?"

"పడే వంతెప్పుడూ నాదేనండి. లేపే వంతు రానే లేదండి."

ఇన్నాళ్ళూ దాని కాలే చూశాను గాని, దాన్ని చూడలేదమ్మా. ఏడుపొచ్చింది. "రేపు రా, నీ వంతు ఇప్పిస్తాను" అన్నాను, ఎలాగో తెలియకుండానే.

వచ్చింది. పెద్దిరాజుని పక్కకి పిలిచి, తిట్టకుండా, ఆ పిల్ల అన్న మాట మాత్రం చెప్పాను. వాడు తల గోక్కుంటూ వెళ్ళాడు. ఇంటర్వెల్లులో తనంతట తనే బురదలో పడి, "చిట్టెమ్మా, లేపవే!" అని కేకేశాడు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని వాడికి తెలుసు. చిట్టెమ్మ గోడ పట్టుకుని వంగి, చెయ్యిచ్చి లాగింది. ఇద్దరూ కలిసి బురదలో కూలబడ్డారు. ఒకటే నవ్వు. అది దయో, ఆటో నాకిప్పటికీ తెలియడం లేదు. లేపడానికి పరుగెత్తబోయి, గుమ్మంలోనే ఆగిపోయాను.

నీ
తులసి