నడుస్తూ ఊదిన పాట

మైపాడు

బెంగుళూరులో అక్క బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇది చదువుతున్న అమ్మకు చిన్నకూతురు విజయ నమస్కారాలు. ఇక్కడ నేనూ నాయనా కులాసా. ఈసారి ఆ మాట ఆచారం కోసం రాయడం లేదు. ఫోన్ చేస్తే నాయన స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటాడు, అందుకే ఉత్తరం.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయన వేళకి తింటున్నాడు. రెబెక్కమ్మత్త పులుసు పంపితే నాకు ముక్క మిగల్చడం లేదు. దగ్గు పూర్తిగా పోయింది. అక్క బిడ్డకు పెట్టిన పేరు నాకు నచ్చింది, నాయనకే నోరు తిరగడం లేదు.

ఇక మా ఆల్బమ్. అయిపోయిందమ్మా! మా రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ వచ్చే శుక్రవారం విడుదల. గిటార్లు, డ్రమ్స్, మధ్యలో జాజ్, దాని మీద మన పెళ్లి మేళం బాకాలు, ఇవన్నీ ఒక కుండలో వేస్తే ఏం కూర అవుతుందని నవ్వావు కదా. బాగానే ఉడికింది.

క్లారినెట్ హజరత్తయ్య చిన్నాయన వాయించాడు. మరి ట్రంపెట్ ఎవరు ఊదారని అడిగావు. ఈ ప్రశ్న దగ్గరికొచ్చి కలం ఆగిపోతోంది. తిట్టు, కానీ మొత్తం చదివాక తిట్టు. నాయనే ఊదాడు.

నెమ్ము చేసి ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన చేతికి ట్రంపెట్ ఇవ్వొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నావు. డాక్టరు ఊదవచ్చన్నాకే ఇచ్చాను. నెల్లూరు స్టూడియోలో కుర్చీ వేసి మైకు ముందు కూర్చోబెట్టాం. రెండు వరుసలకే ఊపిరి తెగిపోయింది. మళ్లీ ఊదాడు, మళ్లీ తెగింది. ట్రంపెట్ నా ఒళ్లో పెట్టేసి, "నా పని అయిపోయిందిమే. ఎవురికన్నా ఇచ్చేయ్" అన్నాడు. ఆల్బమ్ సంగతి మర్చిపోయానమ్మా. మనిషిని చేజేతులా కుంగదీశానని భయమేసింది.

ఇంటికొచ్చాక హజరత్తయ్య చిన్నాయన నాయనని అడిగాడు: "ముత్యాలన్నా, నువ్వెప్పుడన్నా కూసోని ఊదినావా?"

నిజమే కదా! ఆయన ఊదిందంతా ఊరేగింపుల్లోనే. కాలు కదిలితేనే ఆయనకి ఊపిరి ఆడుతుంది. మర్నాడు సాయంత్రం సముద్రం ఒడ్డు నుంచి మన వీధి మలుపుదాకా మైకులు కట్టాం. నాయన మేళం ఎర్రకోటు తొడుక్కున్నాడు, కాస్త వదులైంది. మా డ్రమ్స్ రవి కుమార్ మెడకి డోలు తగిలించుకున్నాడు. మొదట మెల్లగా నడిచారు. పడవల దగ్గరికొచ్చేసరికి నాయన గుక్క తెగకుండా నిలిచింది, ట్రంపెట్ ఖంగుమంది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి వెంట నడిచారు. నేను వెనకాల ఏడుస్తూ నడిచాను. మా గిటార్లు తర్వాత కలుపుకున్నాం.

పాట మలుపు దగ్గర ఆగాలి. నాయన ఆగలేదు. పెళ్లిళ్ల నుంచి తిరిగొచ్చేటప్పుడు, నువ్వు స్నానానికి నీళ్లు కాగబెట్టాలని మలుపులో ఒక పొడుగాటి ఊదు ఊదుతాడు చూడు, అలవాటు కొద్దీ అది కూడా ఊదేశాడు. తీరా చూస్తే ఇంటికి తాళం. "మీ అమ్మ లేదు గదా" అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేనే పరిగెత్తి పొయ్యి ముట్టించాను. ఆ ఊదు మాత్రం ఆల్బమ్‌లోంచి నేను తీయనివ్వలేదు. చివర వినబడేది అదే.

శుక్రవారం అది వినగానే అక్కడ నీళ్లు పెట్టకు. బిడ్డకి మూడో నెల రాగానే బస్సెక్కు.

ఇట్లు,
ఒట్టు తప్పినా సంతోషంగా ఉన్న నీ చిన్నకూతురు
విజయకుమారి