అరవైనాలుగు గళ్ళలో తెలుగు

ప్లెయిన్స్‌బరో,
అక్టోబరు 29, 2011, శనివారం.

అమ్మకి,

రాగిణి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. పొద్దున్న కిటికీ తెర తీయగానే మొదటి ఆశ్చర్యం: మంచు! అక్టోబరు ఇంకా అయిపోలేదు, చెట్ల మీద ఆకులన్నీ అలాగే ఉన్నాయి. ఆ ఆకుల మీదే మంచు పేరుకుపోయి, బరువు ఆపలేక కొమ్మలు ఫెళ్ళున విరిగి పడుతున్నాయి. ఒక కొమ్మ మన కారు వెనకాలే అడ్డంగా పడింది. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు ఉండగానే ఇది రాస్తున్నాను.

నాన్న కులాసా. నేను కులాసా. తాతయ్య సంగతి కింద రాస్తాను. నాన్న ఎడిసన్‌లో ఆఫీసులోనే చిక్కుకుపోయారు. వీకెండ్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని నిన్న వెళ్ళారు, ఇప్పుడు రోడ్లు మూసేశారు.

నువ్వడిగినవాటికి జవాబులు. కెమిస్ట్రీలో మార్కులు బాగానే వచ్చాయి. కుక్కర్ గాస్కెట్ మార్చాం. ఇంట్లో రెండు లాప్‌టాప్‌లు పెట్టుకుని, లక్ష్మీపతి అంకుల్ గరాజ్‌లోంచి తెచ్చిన ఆ పాత కమొడోర్ కంప్యూటర్‌తో కుస్తీ ఎందుకని అడిగావు. లాప్‌టాప్‌లో అక్షరాలు పాకుతున్నట్టున్నాయని తాతయ్య అన్నారు కదా. ఈ కంప్యూటర్‌ని పాత టీవీకి తగిలిస్తే, నల్లటి తెర మీద లావుపాటి పసుపు అక్షరాలు, ఒక్కొక్కటి అరచేయంత పెద్దవి పెట్టొచ్చు. కానీ దానికి తెలుగు రాదు. ఒక్కో అక్షరానికి అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది, మొత్తం అరవైనాలుగు గళ్ళున్న పెట్టె ఇస్తుంది. ఏ గడి వెలగాలో, ఏది ఆరాలో మనమే చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలు అందులో హాయిగా కూర్చుంటాయి. మనవాటికి తలకట్టుకే రెండు వరసలు పోతాయి, కింద ఒత్తుకి చోటుండదు. అందుకని అలాంటి నాలుగు పెట్టెలు కలిపి ఒక అక్షరం చేశాను. అన్ని అక్షరాలూ దాని మెమరీలో ఒకేసారి పట్టవు కాబట్టి ఏ పేజీకి కావలసినవి ఆ పేజీకే గీస్తాను.

గీస్తుంటే తెలిసిందమ్మా, ఇన్నాళ్ళూ నేను ఈ అక్షరాలని చదివానే తప్ప చూడలేదు. 'ఘ' కడుపులో ఎంత చోటుందో, 'ఱ' ఎంత ఒంటరిగా ఉంటుందో! కొమ్ము, గుడి, సుడి అని వాటికి పేర్లున్నాయని తాతయ్యే చెప్పారు. కొత్త మాట ఏది దొరికినా ముందు గళ్ళలో గీసి చూసుకుంటున్నాను.

చివరి ప్రశ్న: నీ ఉత్తరం తాతయ్య సొంతంగా చదువుకున్నారా అని. దానికోసమే ఇవాళ ఈ ఉత్తరం.

నీ ఉత్తరం మొదటి పేజీని టీవీలో పెట్టాను. పెట్టేముందు, ఎప్పటిలాగే, ఆయన పక్కన కూర్చుని బయటికి చదివాను. నా తెలుగు మీద నాకు నమ్మకం లేదు కదా. టైప్ చేసేది ఏదైనా ముందు ఆయనకి వినిపించి, పొల్లులు, ఒత్తులు సరిచేయించుకుంటాను. ఆ తర్వాతే టీవీలో పెడతాను. ఆయన చదువుతారు. రెండు నెలలుగా ఒక్క మాట తడబడలేదు. వీధిలో అందరికీ చెప్పుకున్నాను.

ఇవాళ పొద్దున్న ఆయన చదువుతున్నారు. "'చెల్లి వాళ్ళ మేడమీద కుండీలో కరివేపాకు చిగురు పెట్టింది. నాన్నా, మీరుంటే దాని లాటిన్ పేరు చెప్పేవారు...'" అంతలో కరెంటు పోయి, వెంటనే వచ్చింది.

"పోయిందీ, వచ్చిందీ. మీ అమెరికా కరెంటు కూడా మా తెనాలి కరెంటే!" అని నవ్వి, మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. "'వీసా స్టాంపింగ్ ఆఫీసు వాళ్ళు ఇంకా పాస్‌పోర్ట్ ఇవ్వలేదు...' ఈ స్టాంపింగ్‌లో టకారం భలే కుదిరిందే అమ్మడూ."

కరెంటు పోతే ఆ కంప్యూటర్‌కి నేను నేర్పినదంతా పోతుందమ్మా. తెర మీద నా తెలుగు లేదు. నీలం రంగు, పైన రెండు ముక్కలు ఇంగ్లీషు. అంతే. ఆయన ఆ నీలంలోంచి నీ ఉత్తరం చదువుతూనే ఉన్నారు.

"తాతయ్యా, అక్షరాలు ఏ కలర్‌లో ఉన్నాయి?"

"పసుపు. నువ్వేగా పెట్టింది?"

అనేశాక, ఎందుకడిగానో ఆయనకే అర్థమైంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"దసరా ముందునుంచే. నడిమధ్యన మసక. పక్కలు కనపడతాయిలే, నీ జడ కనపడుతోంది."

"కంటి డాక్టర్ సెప్టెంబర్‌లో రమ్మన్నారు కదా! నాన్న బుక్ చేస్తానంటే వద్దన్నారెందుకు?"

"నువ్వలా గళ్ళు నింపుతూ ఉంటివి. కనపట్టంలేదని ఏ నోటితో చెప్పనే? రోజూ నువ్వు వినిపించిన పేజీ అప్పజెబితే నీ మొహం వెలిగేది."

"నా మొహం మీకు కనపడిందా?"

"గొంతులో తెలుస్తుంది, పిచ్చిదానా."

అమ్మా, డాక్టర్ మొదట్లోనే ఒక గళ్ళ కాగితం ఇచ్చారు, నీకు గుర్తుందా? రోజూ చూసుకోవాలి, గీతలు వంకరగా కనిపిస్తే ఆ రోజే రావాలి, ఆలస్యమైతే కంట్లో ఇచ్చే ఇంజెక్షన్ వల్ల పెద్దగా లాభం ఉండదు అన్నారు. అది ఫ్రిజ్ మీదే ఉంది. దాన్ని చూడడం అందరం మానేశాం. "మనవరాలి అక్షరాలు గడగడా చదువుతున్నాను, ఇంకా ఆ కాగితమెందుకోయ్" అని నాన్నతో అన్నారు. నాన్న నమ్మారు. నేనైతే గర్వపడ్డాను. నా అక్షరాల వెనక ఆయన దాక్కున్నారు. దాక్కునే చోటు కట్టిచ్చింది నేను.

నీకు చెప్పొద్దన్నారు. "వీసా అయ్యేదాకా మీ అమ్మ రాలేదు కదా. వచ్చే దారి లేనిదాన్ని ఏడిపించడమెందుకు?" అన్నారు. నేను తలూపాను. ఊపింది ఆయనకి కనపడలేదు గనక మాట ఇచ్చినట్టు కాదనుకుని ఇది రాస్తున్నాను. తప్పో ఒప్పో నువ్వే చెప్పాలి.

లక్ష్మీపతి అంకుల్ సోమవారం హైదరాబాద్ బయల్దేరుతున్నారు, ఆయన చేతికి ఇస్తాను. ఇది నీకు చేరేలోపే మనం ఫోన్‌లో మాట్లాడుకుంటాం. స్పీకర్ పెడితే, తాతయ్య పక్కనే కూర్చుని, అంతా బాగుందమ్మా అంటారు. ఫోన్‌లో ఏం విన్నా, నువ్వు ఈ ఉత్తరాన్నే నమ్ము.

వెలుతురు తగ్గిపోతోంది. తాతయ్య రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు, నిద్రపోవడంలేదని తెలుస్తూనే ఉంది. నా సెల్‌లో చార్జ్ కొంచెమే ఉంది. దాంతో పక్కింటి జయంతి ఆంటీకి ఫోన్ చేశాను. మంచులో నడిచే పెద్ద బండి ఆవిడకుంది. "మార్నింగ్ రోడ్లు ఓపెన్ అవగానే తీసుకెళ్తా, ఆయన్ని రెడీగా ఉంచు" అన్నారు. నాన్నకి ఇప్పుడే చెబితే ఈ మంచులోనే బయల్దేరతారు, అందుకని రేపు తెల్లవారగానే ఫోన్ చేసి అంతా చెప్పి, నేరుగా హాస్పిటల్ ఎమర్జెన్సీకి రమ్మంటాను. తాతయ్యకి ఉన్ని టోపీ పెట్టి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతాను. రానని మొండికేస్తే, ఆయన ఒప్పుకునేదాకా నేనూ ఆ మెట్ల మీదే కూర్చుంటాను.

ఇట్లు,
నీ దగ్గర ఏదీ దాచలేని నీ కూతురు,
రాగిణి