ఎవరూ దిగని నీళ్లు

1982 మే 13, గురువారం

నిన్నటి పేజీ దిద్దుకోవాలి. "పార్కులో ఫౌంటెను దగ్గర సుధ కాళ్లు తడుపుకుంది" అని రాశాను. కాళ్లు కాదు. మెడదాకా దిగింది. దింపింది నేనే.

డైరీకి కూడా అబద్ధం చెప్పే వయసు వచ్చిందన్నమాట. చదివేది నేనొక్కదాన్నే... అయినా.

కుళాయి రెండు రోజులకోసారి. అరగంట, అదీ సన్నటి ధార. మల్కాపురం నుంచి సెలవులకు వచ్చిన మనవరాలు, ఎనిమిదేళ్ల పిల్ల, ఒళ్లంతా చెమటకాయలతో గోడకు వీపు రుద్దుకుంటోంది గేదెదూడలా. బీచికి పోయే దారిలో కొత్త ఫౌంటెను, చుట్టూ నీలం పెంకుల తొట్టి. ఉదయం ఐదున్నర. పార్కులో మనిషి లేడు. ఇంకా ఎవరూ దిగని నీళ్లు, ఎంగిలి కాని నీళ్లు, ఇంకేం అనుకున్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో ఆరోగ్యశాస్త్రం చెప్పాను. నీళ్లు కాచాలి, చల్లార్చాలి, వడకట్టాలి. ఎంగిలి అన్న మాట ఏ పాఠంలోనూ లేదు. ఎక్కడ దాక్కుందో, ఐదున్నరకి లేచి వచ్చింది.

తిరిగి వస్తుంటే పోలమ్మ, ముగ్గురు పిల్లలు. వాళ్ల జాలారిపేటకు కుళాయే లేదు, రోజూ ఆ ఫౌంటెన్లోనే స్నానం. పదకొండేళ్లుగా మా గుమ్మంలో చేపల తట్ట దింపే మనిషి. తల వంచుకుని పోవచ్చుగా నేను? "అది స్నానాల గది కాదర్రా, రోగాలొస్తాయి!" అని పిల్లలకు పాఠం మొదలుపెట్టాను.

పోలమ్మ నవ్వింది. "మరి మీ గుంట జుట్టు తడిగుందేటి టీచరమ్మా?"

"ఇంట్లో తలంటాను."

"కులాయి రానేదు గదా ఇయ్యాల!"

సుధ నోరు తెరవబోయింది. చెయ్యి నొక్కాను. నడిచాం.


మే 14, శుక్రవారం

పోలమ్మ రాలేదు. తుపాను రోజు కూడా మానని మనిషి. పప్పుచారుతో సరి.

కోడలి దగ్గర నుంచి కార్డు — "సుధ మీ దగ్గరుంటే నాకు బెంగే లేదు అత్తయ్యగారూ." చదివి బోర్లా పెట్టాను.


మే 15, శనివారం

పోలమ్మ ఆఖరి కూతురు నూకాలుకి విరేచనాలు. పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆరేళ్ల పిల్ల. నిన్న పొద్దున్న మొదలై సాయంత్రానికి నిలబడలేకపోయిందట.

కబురు తెచ్చింది పక్కింటి వరలక్ష్మి. ఆమె వెనకే మా వీధి ఆడవాళ్లంతా మా వరండాలోకి. "ఆ ఫౌంటెన్లో పడి ఈదితే రాకేం చేస్తుంది?" "మన పిల్లలు కూడా అటే ఆడుకుంటారు, ఖర్మ." అందరూ నా మొహం వైపు. నాకు తెలుసు కదా.

చెప్పాను. నీళ్లు నోట్లోకి ఎలా పోతాయి, క్రిములు పేగుల్లో ఎలా పెరుగుతాయి, ఒకరి ఒంటిది మరొకరికి ఎలా అంటుతుంది... వేలు కూడా ఆడించాను. సుధ తలుపు చాటున నిలబడి వింటోంది. ఆ పిల్ల వైపు చూడలేదు.

"పిన్నిగారూ, మునిసిపాలిటీకి అర్జీ మీరే రాయాలి. మీకైతే భాషుంది" అంది వరలక్ష్మి.

రాశాను. "జాలారిపేట పిల్లల అపరిశుభ్ర స్నానాల మూలమున పౌరుల ఆరోగ్యమునకు వాటిల్లు ముప్పు." దస్తూరీ ముత్యాల్లా ఉంది. వరలక్ష్మి మొగుడు సోమవారం వార్డు ఆఫీసులో ఇస్తాడట.


మే 16, ఆదివారం

పార్కుకి వెళ్లాను. ఎందుకో... నా పాఠం నేనే సరిచూసుకోవడానికనుకుంటా. వాచ్‌మన్ అప్పన్న బీడీ దాచి లేచాడు.

"అప్పన్నా, ఈ నీళ్లు రోజూ మారుస్తారు కదూ?"

"ఏటి మార్సేది మామ్మగోరూ? కిందన తొట్టుంది. మోటరెడితే పైకెల్తాయి, మల్లీ అందులోకే దిగుతాయి. అవే నీల్లు. మొన్న అమాసకి మార్సినాం."

అమావాస్య వెళ్లి మూడు వారాలు దాటింది.

"పొద్దున్నే అయితే శుభ్రంగా ఉంటాయేమో?"

"పొద్దున్నే మరీ గోరం! రాత్రల్లా మోటరు కట్టీసి ఉంటాది గదా, నిలవ నీల్లు. కుక్కలు అందులోనే పడి పొర్లతాయి. నానైతే సెయ్యి కూడా ఎట్టను."

చదువుకోని అప్పన్న చెయ్యి పెట్టడు. నేను మనవరాలిని ముంచాను. ఎవరూ దిగలేదంటే శుభ్రమని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. 'ఎవరూ' అంటే నా మనసులో ఉన్నది పోలమ్మ పిల్లలే. వాళ్లకంటే ముందు దిగితే చాలనుకున్నాను.

సాయంత్రం.

ఇంకొకటి రాయాలి. రాయకపోతే ఈ పుస్తకం చించి పొయ్యిలో పెట్టడం మేలు.

సుధకు సోమవారం నుంచి విరేచనాలు. పచ్చి మామిడికాయలు తిన్నదిలే అని మెంతులు, మజ్జిగ ఇచ్చాను. బుధవారం పొద్దుటికి తగ్గినట్టే ఉంది, అందుకే తీసుకెళ్లాను. నీళ్లలో ఉండగా మొహం అదోలా పెట్టింది. "మామ్మా... అయిపోయింది."

లాగు విప్పి అక్కడే జాడించాను. ఆ తొట్టిలోనే. కనపడకుండా చేత్తో నీళ్లు చెదరగొట్టాను. పావుగంటకి ముగ్గురు పిల్లలూ దిగారు. నూకాలు పొట్టిది, నీళ్లు దాని గడ్డం దాకా వస్తాయి.

రోగాలొస్తాయని వాళ్లకు చెప్పినప్పుడు నా చేతిలో ఆ తడి లాగు ఉంది. చీర కొంగు కింద.


మే 17, సోమవారం

ఆసుపత్రి. పిల్లల వార్డు, మేడ మీద. నూకాలు చేతికి సూది, పైన గ్లూకోజు సీసా. కళ్లు లోపలికి పోయాయి. పెదాలు పొరలు కట్టి... ఆ పిల్ల మా గుమ్మంలో తట్ట పక్కన కూర్చుని రొయ్యల మీసాలు లెక్కపెట్టేది.

పోలమ్మ నన్ను చూసి లేచింది. లేచి — ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు — నాకు దండం పెట్టింది.

"మీరు సెప్పినారు టీచరమ్మా. దిగొద్దన్నారు. నానే ఇన్నేదు. నవ్వినాను కూడాను. మా పెద్దగుంటని సితక్కొట్టీసినాను, సెల్లిని నీల్లలోకి ఎందుకు దింపినావే అని."

"కొట్టకే..." అన్నాను.

కుర్ర డాక్టరు వచ్చాడు. రక్తం, జిగట పడుతున్నాయట. ఇస్తున్న మందు పట్టట్లేదు. "మీ చుట్టుపక్కల ఇంకెవరికైనా ఇలా వచ్చిందా? ఏ మందుకు తగ్గిందో తెలిస్తే నాకు పని సులువవుతుంది."

"మా పేటలో ఎవులికీ నేదు బాబూ."

నాకు తెలుసు ఎవరికి వచ్చిందో. బుధవారం మధ్యాహ్నం సుధకూ రక్తం పడింది. మా వీధి డాక్టరు మాత్రలిచ్చాడు, మర్నాటికి కట్టింది. మందుచీటీ ఇంట్లో కాలెండరు మేకుకి గుచ్చి ఉంది.

డాక్టరు పక్క మంచానికి వెళ్లాడు. నేను పోలమ్మ భుజం తట్టాను. రిక్షా ఎక్కాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. తినగలిగాను, అదే చిత్రం.


మే 18, మంగళవారం

చీటీ పట్టుకెళ్లాను. పోలమ్మ గంజి కోసం కిందికి దిగేదాకా మెట్ల దగ్గర స్తంభం చాటున నిలబడ్డాను, అరవై ఆరేళ్ల ముసల్దాన్ని, కాపీ కొట్టే పిల్లలా. అప్పుడు డాక్టరుకి చెప్పాను. మొత్తం. ఇంగ్లీషులో. ఎవరికీ అర్థం కాకూడదని.

అతను తెలుగులోనే అన్నాడు, గట్టిగా: "అంటే మీ మనవరాలి నుంచే వచ్చిందంటారా అమ్మా?"

నర్సు తలెత్తింది. అవునన్నాను.

చీటీ చదివాడు. మందు మార్చి రాశాడు. "నిన్ననే చెప్పాల్సింది" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే తేలికగా ఉండేది.

పోలమ్మ గంజిగిన్నెతో ఎదురొచ్చింది. "అప్పుడే ఎల్లిపోతన్నారా?"

పని ఉందన్నాను.


మే 19, బుధవారం

ఫౌంటెను చుట్టూ ముళ్లతీగ. అప్పన్న చేతికి కర్ర. జాలారి పిల్లల్ని పార్కులోకే రానివ్వొద్దని ఆర్డరట. కుళాయి కోసం నాలుగేళ్లుగా ఆ పేటవాళ్లు పెడుతున్న అర్జీలకు జవాబు లేదు. దీనికి మాత్రం రెండు రోజులే.

"మీ అర్జీ అదిరింది పిన్నిగారూ!" — వరలక్ష్మి.

నీళ్లు మాత్రం మార్చలేదు.

సుధ అడిగింది: "మామ్మా, నూకాలుకి నా వల్లే వచ్చిందా?"

"నీ వల్ల కాదు. నా వల్ల."

"మరి వాళ్లమ్మకి చెప్పావా?"


మే 20, గురువారం

నూకాలుకి విరేచనాలు తగ్గాయి. జ్వరం తగ్గలేదు. లేచి కూర్చోలేకపోతోంది, పిలిస్తే పలకట్లేదు. "చూద్దాం" అంటాడు డాక్టరు. పోలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మీరొత్తే దైర్నంగుంటాది టీచరమ్మా." పెద్దపిల్ల మంచం కింద ముడుచుకుని కూర్చుంది. చెంప మీద ఇంకా వాపు.

చెప్పలేదు. ఇవాళ కూడా.

ఇంటికొచ్చి రెండో అర్జీ రాశాను. ముళ్లతీగ తీయించమని, నీళ్లు మార్చమని, జాలారిపేటకు కుళాయి వేయించమని. మొదటి వాక్యం: "పన్నెండవ తేదీన ఆ తొట్టిని పాడు చేసినది నేను." భాష లేదు ఇందులో. వరలక్ష్మికి నచ్చదు.

ఆఫీసులో ఇచ్చేముందు ఇది పోలమ్మకు తెలియాలి. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాలి, వార్డులో, పెద్దపిల్ల కూడా వినేలా. విన్నాక నా చెయ్యి పట్టుకుంటుందో, తోసేస్తుందో... అసలు మా గుమ్మం ఎక్కుతుందో లేదో.

రేపటి పని. కళ్లజోడు కుడికాడ మర వదులై ఊడిపోతుంటే దారంతో కట్టుకున్నాను. చదువుతుండగా జారితే ఆగుతాను, ఆగితే మళ్లీ మొదలుపెట్టను. పాతవూళ్లో గడియారాలు బాగుచేసే సాయిబు తొమ్మిదికి తెరుస్తాడు. ముందు అక్కడికి. కొత్త మర వేయించాలి. పాతదే బిగించి ఇస్తానంటే ఒప్పుకోకూడదు. రిక్షావాణ్ణి పంపెయ్యకుండా అక్కడే ఆపి, అదే రిక్షాలో ఆసుపత్రికి.