మా అన్నయ్య పోసిన నాలుగో మూల

గృహనిర్మాణ తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఇంటి పునాదిలో ఒక మూల కాంక్రీటును తమ ఉత్తర్వుతో పగలగొట్టించుట గురించి.

1. నేను కట్టుకొనుచున్న ఇంటికి మేస్త్రి నా స్వంత అన్నయ్య. గోడ నిటారు చూసే తూకం గుండు జేబులో లేనిదే బజారుకు కూడా వెళ్ళడు గనుక అందరూ గుండు మేస్త్రి అందురు. పరాయివారి గోడ వెంట్రుకవాసి వాలినా ఊడదీసి మళ్ళీ కట్టే మనిషి. అందుచేత నేను వేరే మేస్త్రిని వెతకలేదు.

2. కాంక్రీటు పోయకముందు గుంటలను తాము చూడవలెనని నిబంధన. "నువ్వెళ్ళి సార్‌ని తీసుకురారా, ఈలోపు నేను గుంటలు సరిచూస్తుంటా" అని నన్ను తమ కార్యాలయమునకు పంపినది అన్నయ్యే. తాము భోజనానికి వెళ్ళి తిరిగి రాలేదు. అది ఈ అర్జీలో ఫిర్యాదు కాదు.

3. నేను ఒట్టి చేతులతో వచ్చుసరికి గుంటలన్నీ నింపి, పైన గోనెపట్టాలు కప్పి ఉన్నవి. కాంక్రీటు కలిపే మిల్లరు సాయంత్రంలోగా ఇంకొకరి స్లాబుకు వెళ్ళాలట, వెళ్ళిపోయినది. ఇసుక కుప్ప వెనుక మాత్రం, నాలుగో మూల గుంట అడుగున పరచవలసిన ఇనుప చువ్వల జాలీ ఒకటి పడి ఉన్నది. ఆ గుంట కొలతకు నేను స్వయంగా తీగ చుట్టి కట్టినది. అడిగితే అన్నయ్య, "ఒకటి ఎక్కువ కట్టావేమోలే" అన్నాడు. అయ్యా, నా ఇంటికి నాలుగే మూలలు. నేను కట్టినవి నాలుగే జాలీలు.

4. ఇనుము లేని ఆ మూల మీద లేచేది నా పిల్లలు పడుకునే గది. రేపు నేల కుంగితే గోడ చీలుతుంది. పగలగొడదామంటే అమ్మ, "అన్న పోసినదాని మీద గునపం వేస్తే నీ గడప తొక్కను" అన్నది. పగలగొట్టకపోతే తాను తొక్కనని నా భార్య అన్నది. గడప ఇంకా పెట్టనే లేదు.

5. కంచే చేను మేసినది. ఇంతకన్న అధికార భాషలో చెప్పుట నాకు చేతకాదు.

కావున, ఎవరో ఆకాశరామన్న ఫిర్యాదు చేసినట్లు వ్రాసి, సదరు మూలను పగలగొట్టవలసినదిగా నోటీసు ఇప్పించి, నా పేరు బయటికి రానీయకుండ చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రస్తుతానికి మూడు మూలల ఇంటి యజమాని

తా.క.: అన్నయ్య రోజూ పొద్దున్నే వచ్చి పునాదికి నీళ్ళు పెడుతున్నాడండీ. ఆ మూల దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నాడు. నన్ను చూస్తే వెళ్ళిపోతున్నాడు. నోటీసు ఇచ్చేటప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి, 'తమ్ముడి ఇల్లే కదా, ఏమంటాడులే అనుకున్నావా' అని ఒక్క మాట అడగండి. నాకు నోరు రావడం లేదు.