ఎండ చూడని చిలప

ఉవాతుల్కో తీరం,
జనవరి, అమావాస్య వెళ్లిన మర్నాడు

ఫ్రొసీనా అక్కకు,

నీ తమ్ముడు నాబోర్ నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం అని రాయడం మర్యాద కనుక రాశాను. అమ్మ దగ్గు ఎలా ఉంది?

"ఇంకా ఎన్నాళ్లు? ఇసుకలో పడి నిద్రపోతున్నారా?" అని బస్సు డ్రైవరుతో కబురు పెట్టావు. నిద్రా! ఊదా రంగిచ్చే నత్తలుంటే గదా! మనం నత్తను రాతి మీంచి మెల్లగా తీసి, దాని పాలు నూలు మీద పిండుకుని, మళ్లీ తడి నీడలో పెట్టేస్తాం. నెల దాకా ముట్టం. హోటలుకు సరుకు వేసేవాళ్లు గడ్డపారలతో పెళ్లగించి బస్తాలకెత్తుతున్నారు, నిమ్మకాయ పిండుకుని తినడానికి. అడిగితే కాపలావాడు, "ఏరా, సముద్రం మీ తాతదా?" అన్నాడు. "మా తాత దీన్ని చంపలేదురా" అన్నాను. తోసేశాడు. దూరపు రాళ్ల మీద ఇంకా కొన్ని మిగిలాయి.

అమ్మను సాగనంపేటప్పుడు కట్టే పావడాకు అంగడి పొడి రంగు అద్దిన నూలు చాలని మీ అత్త అంటోందట. అమ్మ ఏమందో ఆవిడకు చెప్పు. "నత్త కంపు లేని పావడా కట్టి నన్ను పూడ్చారో, పైనున్న మా అమ్మ వాసన చూసి, 'ఎవత్తివే నువ్వు' అని తరిమేస్తుంది." నవ్వింది, దగ్గింది, మళ్లీ అదే మాట అంది. ఇంకా రెండు చిలపల నూలు, రెండు చుట్టలు, కావాలి. ఆమె ఉండగానే నేత పూర్తవ్వాలి.

ఓపిక లేదక్కా. చేతులు ఉప్పుకు పగిలాయి. ఒక చేతిలో నత్త, ఒక చేతిలో నూలు. అల వస్తే రాయి పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

ఉంటాను,
అలిసిపోయిన నీ తమ్ముడు
నాబోర్

తా.క.: క్షేమం అన్నది అబద్ధం. నాన్న జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. జాలరి ఎలాదియో ఇంట్లో ఉన్నాడు. ఇక రాళ్లెక్కలేడు. "మీ అక్కను పిలవకురా, ఆడది రాయెక్కితే నత్త ఎండిపోతుంది" అని మంచం మీంచే ఆజ్ఞ. నత్తల్ని ఎండగట్టింది ఆ గడ్డపారలవాళ్లేనని కళ్లారా చూసి కూడా!

ఉత్తరంతో పాటు నల్లగుడ్డ మూటలో ఒక చిలప పంపాను. తెల్లారకముందే పిండి, వెలుతురు తగలకుండా చుట్టాను. నువ్వు మూట విప్పేసరికి ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది, ఎండ తగిలితేనే ఊదా అవుతుంది. ఇన్నేళ్లు ఊదా నూలు నేశావు గానీ, ఆ ఊదా పుట్టడం నీకెవరూ చూపించలేదు. తడిపి, వాకిట్లో ఎండలో పరిచి, పక్కనే నిలబడు. ఒకసారి మారితే ఇక వెనక్కి పోదు. చూశాక, రావాలనిపిస్తే పున్నమికి రా. నత్తను నేను పడతాను, నూలు నువ్వు పట్టుకో.