ఇంటర్వెల్ తర్వాత నలభై మంది

మార్చి 5, బుధవారం

సినిమాల మీద నా అభిప్రాయాలు చెప్పమని లోకం ఎప్పుడూ అడగలేదు. మొహమాటం కాబోలు. అందుకని నేనే చొరవ తీసుకుని ఒక పేజీ పెట్టాను. పేరు ఇంటర్వెల్ ఋషి. ఫాలోవర్లు ఆరువేల నాలుగు వందలు. డిగ్రీ చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. అమ్మ దృష్టిలో ఖాళీగా ఉన్నాను, నా దృష్టిలో తపస్సులో ఉన్నాను.

ఈ వారం తీర్పులు. అన్నదమ్ముల సినిమా: అన్న మొదటిసారి దగ్గగానే పోతాడని నాకు తెలిసిపోయింది, డాక్టరుకి తెలియడానికి రెండు గంటలు పట్టింది. రెండు మార్కులు, అందులో ఒకటి దగ్గుకి. పోలీసు సినిమా: హీరో నడుస్తాడు. స్లోమోషన్లో నడుస్తాడు. ఆ నడకలన్నీ మామూలు స్పీడులో వేస్తే సినిమా నలభై నిమిషాల్లో అయిపోతుంది, మనం వెలుతురుండగానే ఇంటికి చేరొచ్చు. పెళ్లి సినిమా: నచ్చింది. నచ్చిందని రాస్తే లైకులు రావు. నచ్చలేదని రాశాను.

ఋషి అంటే నేనేనని ఇంట్లోవాళ్లలో బాబాయికి ఒక్కడికే తెలుసు. పిన్ని భర్త. మా దగ్గరి హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు, ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఆయనకి సినిమాల మీద అభిప్రాయాలుండవు, ఒక నోటుబుక్కు ఉంటుంది. ప్రతి ఆటకీ ఇంటర్వెల్‌కి ముందొకసారి, తర్వాత ఒకసారి, తన గది కిటికీలోంచి తలలు లెక్కపెట్టి రెండంకెలు రాసుకుంటాడు. తిరిగొచ్చిన తలలే రివ్యూ అంటాడు. మార్కులూ నక్షత్రాలూ మన సోకులట.

జీ వరుసలో పద్నాలుగో కుర్చీ నాకు చూపించింది కూడా ఆయనే. హాలు మొత్తంలో సౌండు సరిగ్గా కలిసే చోటు అదొక్కటేనని. నిక్కరు రోజుల నుంచీ అక్కడే కూర్చుంటున్నాను. సింహాసనం.

మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం 12:15

క్వారీ సినిమా, మార్నింగ్ షో. అందరూ కొత్తవాళ్లు. పోస్టరు మీద రాయి, రాయి మీద మనిషి, మనిషి మీద దుమ్ము. ఫస్టాఫ్ అంతా రాళ్లు కొట్టాడు. బాగానే కొట్టాడు. ఇంటర్వెల్‌కి పెద్ద పేలుడు.

పన్నెండున్నరకి రోడ్డు చివరి హాల్లో పెద్ద హీరో సినిమా. రెండిటి మీదా ఇవాళే రాయాలి, అందరికంటే ముందు రాయాలి. ఋషికి ఉన్నది ఒక్కటే శరీరం. లేచి వచ్చేశాను. సెకండాఫ్ సంగతి ముక్కుగాడిని అడిగితే సరి. వాడు నా క్లాస్‌మేటు. పేరు ఎందుకొచ్చిందో వాణ్ణి పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. ఎంత చెత్త సినిమా అయినా చివర పేర్లన్నీ పడేదాకా కదలడు. ఇవాళ నాకు రెండు వరుసల వెనక కూర్చున్నాడు.

మార్చి 7, సాయంత్రం 5

ముక్కుగాడు ఫోనెత్తాడు. సెకండాఫ్‌లో పది నిమిషాల పైనే సౌండు రాలేదట, జనం ఈలలేశారట, తర్వాత వచ్చిందట. ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను అప్పటికే టైపు చేస్తున్నాను.

'సెకండాఫ్‌లో పదకొండు నిమిషాలు హాల్లో సౌండు లేదు' అని రాశాను. పది అని రాస్తే గాలివాటంగా ఉంటుంది. పదకొండు అంటే గడియారం చూసిన మనిషి మాటలా ఉంటుంది. అక్కడితో ఆపొచ్చు. ఋషి ఆగలేదు. 'ఆ నిశ్శబ్దంలో ఆపరేటరు గదిలోంచి గురక స్పష్టంగా వినిపించింది. సినిమా మొత్తంలో మనసు పెట్టి చేసిన పని అదొక్కటే.' హాలు పేరు కూడా రాశాను.

బాబాయివి సాయంత్రం ఆటలు. పొద్దుటి ఆట ఇంకో ఆపరేటరుది. ఆయన నాకు చుట్టం కాదు.

మార్చి 8, శనివారం

మూడువేల షేర్లు. ఎవడో గురకకి మ్యూజిక్ కట్టాడు. అమ్మా, నీ కొడుకు వృద్ధిలోకి వచ్చాడు.

మార్చి 10, సోమవారం

అమ్మకి పిన్ని ఫోన్ చేసింది. బాబాయిని ఇంక రావద్దన్నారట.

శుక్రవారం ఇంకో ఆపరేటరు కూతురికి జ్వరం. పొద్దుటి ఆట కూడా బాబాయే వేశాడు.

హాలు ఓనరు తన హాల్లో ఇంతవరకూ ఒక్క సినిమా పూర్తిగా చూడలేదు, క్యాంటీన్ చూసుకుంటాడు. ఆయన నా రాత బాబాయికి ఫోన్లో చూపించి ఇదేమిటన్నాడట. సినిమానే అంత సార్ అన్నాడట బాబాయి. పేలుడులో క్వారీవాడి చెవులు పోతాయి, అక్కణ్ణుంచి కాసేపు వాడికి వినిపించేదే మనకీ వినిపిస్తుంది, అంటే ఏమీ వినిపించదు. వచ్చి ఆట చూడండి సార్ అన్నాడట. ఓనరు చూడలేదు. సరే, సౌండు లేకపోవడం సినిమాలో ఉంది, గురక కూడా సినిమాలోనే ఉందా అని అడిగాడట.

గురక సినిమాలో లేదు. కథ, మాటలు, దర్శకత్వం: నేను.

అమ్మ ఇదంతా చెబుతుంటే కంచం ముందు కూర్చుని ఉన్నాను. కడుపు నిండా తిన్నాను కూడా. అది కూడా రాసుకోవాలి.

మార్చి 11, మంగళవారం

అమ్మ పోరు పడలేక పిన్ని వాళ్లింటికి వెళ్లాను. బాబాయి ముందుగదిలో టేబుల్ ఫ్యాన్ విప్పి ముక్కలన్నీ గుడ్డ మీద పరిచాడు. ఆ ఫ్యాన్‌కి ఏ జబ్బూ లేదు. మధ్యమధ్యలో గడియారం చూస్తున్నాడు. పదకొండింటికి మాత్రం, ఇప్పుడు పొద్దుటి ఆటకి పేర్లు పడుతుంటాయి అన్నాడు, ఎవరితోనూ కాదు.

పిన్ని మంచినీళ్లు ఇచ్చి మొదలుపెట్టింది.

"ఆ ఋషో గిషో ఎవడోగాని, వాడి నోట్లో మన్ను పడ. ఈయన జన్మలో గురక పెట్టి ఎరగడురా. పాతికేళ్లు పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదూ?"

అవును పిన్నీ అన్నాను. నోరు అక్కడితో ఊరుకుందా? ఇలాంటివాళ్లని వదలకూడదు పిన్నీ, పట్టుకుని నలుగురిలో నిలబెట్టాలి అని కూడా అంది. నా నోరే.

బాబాయి ఫ్యాన్ రెక్క తుడుస్తూ, పోనీలే, ఎవడో కుర్రాడు నవ్వించాలనుకున్నాడు అన్నాడు. నా వైపు చూడలేదు. ఋషి ఎవరో ఆయనకి తెలుసు. తెలిసే ఆ రెక్కని అయిదు నిమిషాలు తుడిచాడు.

మార్చి 12, బుధవారం

రివ్యూ డిలీట్ చేశాను. స్క్రీన్‌షాట్లు నన్ను చూసి నవ్వుతున్నాయి. గురక ఎక్కడ వినిపిస్తుందో చూద్దామని జనం హాలుకి వెళ్తున్నారట. సినిమా రెండో వారం కూడా ఉంచుతున్నారట.

మార్చి 13, గురువారం

ఒప్పుకుందామని బయల్దేరాను. దారిలో మూడు వెర్షన్లు తయారుచేసుకున్నాను. ఒకదాంట్లో తప్పంతా ముక్కుగాడిది. ఒకదాంట్లో సమాజానిది. మూడోది చిన్నది, దానికే నోరు తిరగలేదు.

బాబాయి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను సెకండాఫ్‌లో లేను బాబాయ్ అందామని నోరు తెరిచేలోపే నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. ఏడో తారీకు, మార్నింగ్, క్వారీ. 41. పక్కన 40.

"నలభై ఒక్క మందిలో నలభై మంది తిరిగొచ్చార్రా. ఈ మధ్య ఏ సినిమాకీ ఇలా రాలేదు. ఆ రాని ఒక్కడెవడా అని చూశాను. జీ పద్నాలుగు."

ముక్కుగాడు కూడా ఆ నలభైలో ఉన్నాడు. ఈలలేసినవాళ్లు కూడా ఉన్నారు.

మరి రాసినవాడు అసలు హాల్లోనే లేడని ఓనరుకి చెబితే ఆ నిమిషమే తేలిపోయేదిగా, ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నోటుబుక్కు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఆ సంగతి నీకెలా తెలుసంటాడు. మావాడేనని చెప్పాలి. చెప్పబుద్ధి కాలేదు."

నన్ను కాపాడదామని చెప్పబుద్ధి కాలేదా, నన్ను మావాడనడానికి సిగ్గేసి చెప్పబుద్ధి కాలేదా? అడగలేదు. రెండోదే అంటాడేమోనని.

మార్చి 14, శుక్రవారం

ఓనరు క్యాంటీన్లో కూల్‌డ్రింకులు సర్దుతున్నాడు. నిలబడే చెప్పాను. ఆ ఋషిని నేనేనండీ. ఇంటర్వెల్‌కే వెళ్లిపోయాను. గురక నేనే కల్పించాను. ఆపరేటరు గారు మా బాబాయి.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పడీపడీ నవ్వాడు. నీకు భలే బుర్ర ఉందయ్యా అన్నాడు. ఎంతమంది ఫాలోవర్లని అడిగాడు. మీ బాబాయిని రేపట్నుంచి రమ్మనమన్నాడు, కాకపోతే సాయంత్రం ఆటలు ఇంకొకాయనకి ఇచ్చేశాడట, మాట పోతుందట, అందుకని పొద్దుటి ఆట ఒక్కటే. కొత్త కుర్చీలు వేయించానుగా, వాటి గురించి రెండు మంచి ముక్కలు రాయకూడదా అని ఒక కూల్‌డ్రింకు చేతిలో పెట్టాడు.

తల ఊపానా? ఊపాను. కూల్‌డ్రింకు తాగానా? తాగాను.

ఇరవై ఏడేళ్లుగా సాయంత్రం ఆటలు ఆయనవి.

మార్చి 15, శనివారం

కుర్చీల గురించి రాయలేదు. ఇది రాశాను: 'నేను క్వారీ సినిమా సగమే చూశాను. మిగతాది చూసినట్టు రాశాను. గురక అబద్ధం. ఆపరేటరు మెలకువగానే ఉన్నారు. నేనే లేను.' జోకు వేయలేదు. ఒక్కటి వచ్చింది, చెరిపేశాను.

గంటలో రెండువేల నవ్వు బొమ్మలు. ఋషి ఈజ్ బ్యాక్ అట. గురక పార్ట్ టూ ఎప్పుడన్నాడొకడు. నేను నిజం చెబుతున్నానని నమ్మినవాడు ఒక్కడే తేలాడు. అతను అడిగింది ఒకే ప్రశ్న: ఇంతవరకూ రాసినవాటిలో ఎన్ని పూర్తిగా చూశావు?

కూర్చుని లెక్కపెట్టాను. తొంభై ఆరు రివ్యూలు. పూర్తిగా చూసినవి ముప్పై ఒకటి. బాగున్నవాటిని బాగోలేదన్నవి లెక్కపెట్టలేదు. పెన్ను కదల్లేదు.

ముక్కుగాడు ఫోన్ చేశాడు. ఆ రోజు చెప్పబోయింది వినకుండా పెట్టేశావు కదరా అన్నాడు. చెప్పబోయింది ఇదట: మొదట వాడూ ఈల వేశాడు. తర్వాత తెర మీద క్వారీవాడి కూతురు తలుపు దగ్గర నిలబడి నాన్నని పిలుస్తుంది. నోరు కదులుతుంది. వాడు వెనక్కి తిరగడు. అప్పుడు అర్థమై హాల్లో ఈలలు వాటంతటవే ఆగిపోయాయట. సినిమాకంతటికీ అదే గొప్ప సీను అని చెప్పబోయాడట.

మార్చి 17, సోమవారం

పిన్నికి తెలిసింది. ఫోన్ చేసి అమ్మతో అరగంట మాట్లాడింది. నన్ను అడగలేదు.

మార్చి 20, గురువారం

క్వారీ ఆఖరి రోజు, పొద్దుటి ఆట. జీ పద్నాలుగు. ఇంటర్వెల్‌లో లేవలేదు.

నిశ్శబ్దం తొమ్మిది నిమిషాలు. పదకొండు కాదు.

కూతురు తలుపు దగ్గరికి వస్తుండగా వెనక వరుసలో ఎవడో కావాలని గురక తీశాడు. హాలంతా గొల్లున నవ్వి ఆపరేటరు గది కిటికీ వైపు తిరిగింది. నేను తిరగలేదు. ఆ పిల్ల పిలవడం నేనొక్కణ్ణే చూశాను.

ఆట అయ్యాక పై గదికి వెళ్లాను. బాబాయి అప్పటికే మెట్లు దిగి వెళ్లిపోయాడు. బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఉంది.

53. 53.

నన్ను కలుపుకునే.