పెదమామగారి మీద పడిన కుండెడు నీళ్ళు

బర్మా, రంగం పట్నం నుంచి, వైశాఖ మాసం.

అక్కయ్యకి నీ తమ్ముడు సూరన్న దణ్ణాలు పెట్టి రాసుకునేది. నువ్వూ, బావగారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందో లేదో నీ ఉత్తరంలో లేదు, తప్పకుండా రాయి. నా ఒంటికి ఏమీ లేదు. తిండి సహిస్తోంది, నిద్ర పడుతోంది, బియ్యం మిల్లులో పని సాగుతోంది. ఉన్న జబ్బల్లా కోపం ఒక్కటే. నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి సంచుల మూతులు కుడుతూ రెండుసార్లు దబ్బనం వేల్లో గుచ్చుకున్నాను. కంగారుపడకు, మానిపోయింది. కోపమే మానలేదు.

మామగారు మంగని పంపనన్నారా? పెళ్ళయి మూడేళ్ళు. మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్నది నలభై రోజులు. జ్యేష్ఠంలో కాకినాడ నుంచి బయల్దేరే పొగ ఓడలో మా మిల్లు వంటాయన పెళ్ళాం బిడ్డలను తెచ్చుకుంటున్నాడు, వాళ్ళతో పంపండి, ఆడతోడు ఉంటుంది అని నేను బతిమాలి రాస్తే, ఇదా జవాబు! ఆ ఓడ తప్పితే వానలు, తుపాన్లు. మళ్ళీ కార్తీకం దాకా ఆడపిల్లను సముద్రం మీదికి ఎవరు పంపుతారు? ఇంతకీ కారణం ఏమిటి? పెదమామగారు అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టుకుని, “సూరన్న ఉండే వీధి మనుషులుండే వీధి కాదండి. ఆడాళ్ళు చుట్టలు కాలుస్తారు. మేడ మీంచి మొగాడి నెత్తిన కుండెడు నీళ్ళు కుమ్మరించి నవ్వుతారు” అన్నారట. మామగారు తన అన్నగారి మాట జవదాటరట. బాగుంది! పెదమామగారు టేకు దూలాలు కొనడానికి ఇక్కడికి వచ్చి, నా గదిలో మూడు రాత్రులు పడుకుని, నా చాప మీద కూర్చుని, వెళ్ళి నా కాపురం మీదే నీళ్ళు పోశారు.

మంగ మాత్రం వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు, తలుపు వెనకాల నిలబడి “ఆ వీధిలో సరదాలు ఏంటో అడగండి వదినా” అని మాత్రం నీతో అన్నదని రాశావు. అక్కయ్యా, ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు, అడగవలసిన మాట అడిగింది అదొక్కతే. కనుక రాస్తున్నాను. దానికి చదివి వినిపించు.

మా వీధి నది ఒడ్డున మిల్లు వెనకాల ఉంది. ఇటు వరస మనవాళ్ళ ఇళ్ళు, అటు వరస బర్మావాళ్ళ చెక్క మేడలు, మూల మీద చీనా ఆయన దుకాణం. ఈ వీధి సంగతి ఎత్తితే మిల్లులో మనవాళ్ళే రెండు జట్లుగా చీలిపోతారు. సగంమందికి ఈ పక్కకి రావడమే అప్రతిష్ఠ. వచ్చినవాళ్ళు చస్తే వదలరు. నేను మొదటి ఏడాది కూలీల బారకాసులో నలభైమందితో పడుకున్నాను. అందరూ మన గోదావరివాళ్ళే. అయినా నాకు జ్వరం వచ్చినప్పుడు ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు, పాపం వెళ్ళక ఏం చేస్తారు. అయిదు రోజులు గంజి కాచి పట్టుకొచ్చింది పూలమ్మ. ఆవిడ బర్మా ఆవిడ, ముసలావిడ, ఇప్పుడు మా ఇంటి యజమానురాలు. అసలు పేరు మన నోటికి తిరగదు. పూలమ్ముతుంది గనక అందరం పూలమ్మ అంటాం. ఆ జ్వరం తగ్గాకే నేను ఈ వీధికి మారాను. “సూరన్న బర్మావాడైపోయాడ్రా” అన్నారు మనవాళ్ళు. అననీ.

ఇక సరదాలు. చీనా ఆయన దుకాణం ముందు పంజరంలో ఒక గోరింక ఉంది. మనవాళ్ళు దానికి మాటలు నేర్పారు. దారిన ఎవరు పోతున్నా “దయచెయ్యండి, దయచెయ్యండి” అంటుంది, అచ్చం మన భీమవరం యాసలో. పెదమామగారు వచ్చిన రోజు దాని మాట విని, తలపాగా సర్దుకుని, “ఆఁ ఆఁ, వస్తున్నామండి” అని జవాబిచ్చి, పిలిచిందెవరా అని లోపలికి తొంగిచూశారు. వీధి వీధంతా నవ్వింది. ఆయన ఈ వీధి మీద పగ పట్టింది అప్పుడే అని నా అనుమానం. అరుగు మీద గోరింక సంగతి చెప్పారా? చెప్పి ఉండరు.

సాయంత్రం పని దిగాక మిల్లు ముందు ఖాళీ జాగాలో పేము బంతి ఆడతారు. చేత్తో ముట్టుకోకూడదు. గుండ్రంగా నిలబడి పాదంతో, మోకాలితో, మడమతో పైకి తంతూ కింద పడకుండా చూడాలి. ఓడిపోవడం, గెలవడం లేవు. బంతి పడిపోతే అందరూ “అయ్యో” అంటారు, అంతే. నాకు మొదట్లో పంచె అడ్డుపడి రెండుసార్లు బోర్లాపడ్డాను. ఇప్పుడు పన్నెండు తన్నుల దాకా నిలబెడుతున్నాను. “పెళ్ళయినవాడివి, ఆ గంతులేంటి?” అన్నారు పెదమామగారు. పెళ్ళయినవాణ్ణే, పెళ్ళాం ఏదండీ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆదివారం పొగ ట్రాము ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి, దిగకుండా అదే బండిలో వెనక్కి రావచ్చు. పనేమీ లేదు, ఊరికే. బుద్ధుడి గుడి బంగారు గోపురం ఊళ్ళో ఎక్కడినుంచి చూసినా కనిపిస్తుంది. పూలమ్మ అక్కడికి పూలబుట్ట పట్టుకెళ్తూ “నీ ఇల్లాలు వస్తే నాతో తీసుకెళ్తాను” అని ఏడాది నుంచి అంటోంది. మంగకి జడలోకి ఏ పూలు ఇష్టమని అడిగింది. నాకు తెలియదు అక్కయ్యా. నలభై రోజుల్లో నేను ఆ సంగతే అడగలేదు. నువ్వు కనుక్కుని రాయి.

తిండి దగ్గర మాత్రం అబద్ధం ఆడను. చేపలు పులియబెట్టి చేసే పచ్చడి ఒకటుంది ఇక్కడ. దాని వాసనకి మొదట్లో ముక్కు మూసుకుని నడిచాను. ఇప్పుడు మూసుకోవడం లేదు, తినడమూ లేదు. ఈ ఏటి ఆవకాయ పెట్టావు కదా, చిన్న జాడీ మైనపు గుడ్డ కట్టి ఎవరిచేతనైనా పంపు. చింతపండు కూడా.

చుట్టల సంగతికి వస్తాను. ఆడవాళ్ళు చుట్ట కాల్చడం చూసి పెదమామగారి కళ్ళు తిరిగాయట. అవునా? మన లంకల్లో ముసలమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ వెయ్యరా? పెదమామగారి కన్నతల్లి, ఆ మహాతల్లి, చుట్ట లేనిదే మంచం దిగేదా? మా పెళ్ళిలో తలంబ్రాలప్పుడు కూడా ఆవిడ నోట్లో చుట్ట ఉంది, నేను చూశాను, నువ్వూ చూశావు. మన ఊళ్ళో అయితే పెద్దరికం, ఇక్కడ అయితే భ్రష్టత్వమా? ఇదెక్కడి న్యాయం? అన్నట్టు, ఆవకాయతో పాటు లంక పొగాకు నాలుగు కట్టలు పంపు. పూలమ్మకి ఇస్తాను.

ఇప్పుడు నీళ్ళ సంగతి. చైత్రంలో వీళ్ళకి సంవత్సరాది. మనం వేపపువ్వు పచ్చడి తింటాం, వీళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు పోసుకుంటారు. పాత ఏడాది మురికంతా పోయి చల్లగా ఉండమని దీవించడం. తిట్టు కాదు. ముందురోజే ఆయనకి చెప్పాను. “రేపు బయటికి వెళ్ళకండి, నీళ్ళు పోస్తారండి” అన్నాను. “నా మీద పోసే మొనగాడెవడు?” అన్నారు. పొద్దున్నే జరీ పంచె కట్టి, తలపాగా చుట్టి బయల్దేరారు. వీధిలో బర్మా ఆడపిల్లలు ఆయన పెద్దరికం చూసి తప్పుకున్నారు. ఒక పిల్ల మాత్రం దగ్గరికొచ్చి, తల వంచి, వెండి గిన్నెలోంచి ఆకుతో రెండు చుక్కలు భుజం మీద చల్లింది. పెద్దవాళ్ళకి అంతే చేస్తారు. ఆ తరవాత నాలుగడుగులు వేశారో లేదో, మా మేడ మీంచి కుండెడు నీళ్ళు దభాలున నెత్తిన పడ్డాయి.

తలెత్తి చూస్తే పూలమ్మ చుట్ట పట్టుకుని నవ్వుతోంది. అంతవరకు ఆయన చెప్పింది నిజమే. ఆ తరవాత జరిగింది చెప్పలేదు, చూశావా, అదీ నా మంట.

“మైల పడ్డాను, తలస్నానం చెయ్యాలి” అంటూ ఆయన నేరుగా వీధి కొళాయి దగ్గరికి వెళ్ళి, అక్కడున్న బిందె ఎత్తి నడివీధిలో తన నెత్తిన తానే పోసుకున్నారు. సంవత్సరాదినాడు ఒక పెద్దమనిషి జరీ పంచెతో నడివీధిలో నిలబడి బిందె ఎత్తితే ఎవరేమనుకుంటారు? పండగలోకి దిగారనుకున్నారు! వీధి వీధంతా కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చింది. గిన్నెలు, చెంబులు, బకెట్లు. వాళ్ళు పోసిన కొద్దీ ఈయన “మైల, మైల” అంటూ మళ్ళీ బిందె నింపుకుని పోసుకోవడం, ఈయన పోసుకున్న కొద్దీ వాళ్ళు రెట్టించి పొయ్యడం. గోరింక పక్కనుంచి “దయచెయ్యండి” అంటోంది. అక్కయ్యా, అప్పుడు నా కళ్ళతో చూశాను, చీనా ఆయన చెంబెత్తి పోసేసరికి పెదమామగారు తన బిందెలో నీళ్ళు ఆయన మీదికి ఎదురు విసిరారు. విసిరి నవ్వారు. పళ్ళన్నీ కనపడేలా, చిన్నపిల్లవాడిలా నవ్వారు. ఒక్క క్షణమే. మనవాళ్ళు ఎవరో చూస్తున్నారని గుర్తొచ్చి మొహం ముడుచుకుని బారకాసులకి వెళ్ళిపోయారు. అటునుంచి అటే ఓడ ఎక్కారు. దూలాలు కూడా బేరం కుదుర్చుకోలేదు.

అది ఆయన దాచిన మాట. ఆ నవ్వు దాచి, మా వీధి మీద నింద వేశారు.

నేను దాచిన మాట కూడా ఒకటి ఉంది. ఉత్తరం మొదలుపెట్టినప్పుడు రాయకూడదనే అనుకున్నాను. ఇంత రాశాక రాయకపోతే ఆయనకీ నాకూ తేడా ఏముంది?

పూలమ్మ చెయ్యి ఆ కుండకి తగలనే లేదు. పోసింది నేను.

ఆ పొద్దున తలపాగా చుట్టుకుంటూ పెదమామగారు నాతో ఏమన్నారో తెలుసా? “మా పిల్ల ఇంకో నాలుగేళ్ళు మా ఇంట్లోనే ఉంటుంది. నీకంత తొందరగా ఉంటే ఇక్కడే ఎవత్తినో చూసుకో, ఈ ఊళ్ళో కరువా?” అన్నారు. మూడు రోజులు తిండిని అన్నారు, ఇంటిని అన్నారు, పడ్డాను. ఆ మాట పడలేకపోయాను. ఆయన మెట్లు దిగుతుంటే, వరండాలో పండగ కోసం నింపిపెట్టిన కుండ ఎత్తాను, ఆ వెండి గిన్నె పిల్ల తప్పుకోగానే కుమ్మరించాను. పోశాక భయం వేసి కటకటాల వెనకాల నక్కాను. పూలమ్మ లోపల్నుంచి వచ్చి, నన్ను చూసి, కిందికి చూసి, నేను కనపడకుండా నా ముందు నిలబడి నవ్వింది. తరవాత అడిగాను, ఎందుకిలా చేశావని. తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో, “నీ మీద కోపం వస్తే నీ ఇల్లాలు రాదు. నా మీద వస్తే నాకేంటి?” అంది.

ఆవిడకేం లేకపోవచ్చు. నాకుంది. ఆవిడ పేరు మన అరుగుల మీద బురదలో పొర్లుతుంటే, ఆవిడ చేతి గంజి తాగి బతికిన నేను నోరు మూసుకోలేను. కనుక ఈ ఉత్తరం బావగారి చేత ఆ అరుగు మీదే, ఆ పదిమంది ముందే చదివించు. ఒక్క ముక్క మింగవద్దని చెప్పు. మామగారికి, పెదమామగారికి నా నమస్కారాలు. తప్పు నాది, క్షమించమని అడుగుతున్నాను. పెద్దవారి నెత్తిన నీళ్ళు పోసినవాడికి పిల్లను పంపం అంటే అది వారి ఇష్టం. కానీ పంపనంటే నా వల్ల పంపలేదనాలి, మా వీధి వల్ల అనకూడదు. దానికి మాత్రం ఒప్పుకోను.

అమ్మ పాదాలకి దణ్ణాలు. బావగారిని అడిగానని చెప్పు, పిల్లలకి నా ముద్దులు. నీ దీవెన ఉంటే నాకు ఏ లోటూ లేదు.

ఒక్క పని చెయ్యి అక్కయ్యా. బావగారు చదువుతున్నంతసేపూ అరుగు మీద ఎవరి మొహం ఎలా మాడిందో నాకు అక్కరలేదు. నువ్వు తలుపు వెనకాల మంగ పక్కన కూర్చో. బిందె దగ్గరికి వచ్చేసరికి నవ్విందో లేదో చూసి రాయి.

నీ తమ్ముడు,
సూరన్న